పట్టా కొఱకు నిరీక్షణ

విశ్వవిద్యాలయమన్నంతనే మన మనస్సున మెదలునవి గ్రంథాలయములు, ప్రయోగశాలలు, స్నాతకోత్సవ వేదికలు. కాని అమెరికాలో ఎం.ఎస్. సీటు సంపాదించుకొన్న కుఱ్ఱవానికి ఆ మహాసంస్థ యంతయు పరీక్షల విభాగపు కిటికీలోనే ఇమిడియుండును. ట్రాన్స్‌క్రిప్టుల కొఱకు రుసుము చెల్లించి, మార్కుల జాబితాల నకళ్లు జతపఱచి అతడిచ్చిన దరఖాస్తు, ఇన్‌వార్డు పుస్తకములో సంఖ్య పడిన పిమ్మట, సెక్షను గుమాస్తా బల్లపైకిని, అటనుండి సూపరింటెండెంటు వద్దకును, అసిస్టెంటు రిజిస్ట్రారు వద్దకును, తుదకు పరీక్షల నియంత్రణాధికారి సంతకమునకును పోవలెను. పాత టాబ్యులేషన్ రిజిస్టరు తెఱచి మార్కులు సరిచూచుటకు పట్టునది అరగంటయే కావచ్చును. దరఖాస్తు మాత్రము ఒక బల్లనుండి మఱియొక బల్లకు చేరుటకై దినముల తరబడి పడియుండును.

ఈ పడియుండుటను కంటికి గనబఱచుటయే ఎజైల్ పద్ధతులు చేయు మొదటి యుపకారము. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను కొండ విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి ప్రకటించిన మ్యానిఫెస్టో ఈ పేరునకు మూలము. బృహత్ప్రణాళిక నొకదానిని పట్టుకొని ఏండ్ల తరబడి సాగుటకంటె, పనిని చిన్నచిన్న భాగములుగా ముగించి, వాడుకొనువారికి చూపి, వారి మాటను బట్టి దిద్దుకొనుచు పోవుట మేలని దాని సారము. అంతకు ముందే, 1986లో, హిరోటాకా టకేయుచి, ఇకుజిరో నొనాకా అను జపాను ఆచార్యులు 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో వ్రాసిన వ్యాసమున, ఒక విభాగము తన వంతు ముగించి తరువాతి విభాగమునకు అందించు రీతిని ఆక్షేపించి, రగ్బీ ఆటగాండ్రవలె జట్టంతయు కలసియే బంతిని ముందునకు గొనిపోవలెనని ప్రతిపాదించిరి. మన ఫైళ్ల ప్రయాణమును చూచియే వ్రాసిరా యనిపించును!

ఆచరణ మిక్కిలి సులభము. గోడపై ఒక పలక. వచ్చినవి, పరిశీలనలో నున్నవి, సంతకమునకై ఆగినవి, పంపినవి అను నాలుగు గడులు. దరఖాస్తు కొక చీటీ. టొయోటా కర్మాగారములలో టైచి ఓనో నెలకొల్పిన కాన్‌బాన్ పద్ధతికిది కార్యాలయ రూపము. ప్రతి ఉదయమును జట్టువారు 15 నిమిషములు ఆ పలక ముందు నిలిచి, ఏ చీటీ యెచట చిక్కుకొన్నదో చెప్పుకొందురు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రము ప్రకారము, సెక్షనులో సగటున 600 దరఖాస్తులుండి దినమునకు 30 తెమలుచుండినచో, ఒక్కొక్కదానికి సగటున 20 పనిదినములు పట్టక తప్పదు. గుమాస్తాను ఎంత గద్దించినను లెక్క మాఱదు. అందు 400 చీటీలు మూడవ గడిలోనే పేరుకొన్నచో, గుమాస్తాను వదలి, సంతకాధికారము నెవరికి పంచవచ్చునో యోచింపవలెను.

ఇచటనే సమర్థులైన సిబ్బంది ప్రసక్తి వచ్చును. పలక చిక్కును చూపును గాని విప్పజాలదు. 2008లో జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము (జె.ఎన్.టి.యు.) వేఱువేఱు నగరముల విశ్వవిద్యాలయములుగా విభజింపబడినట్టి మార్పులు జరిగినపుడు, పూర్వవిద్యార్థి ఏ నగరమున దరఖాస్తు చేయవలెనో, మూతపడిన కళాశాల నామినల్ రోల్స్ ఏ బీరువాలో నున్నవో ఎఱిగిన పాత సూపరింటెండెంటు ఒక ప్రతిభావంతుడు. ఆ సమాచారమును పట్టికగా మలచగల పొరుగుసేవల కుఱ్ఱవాడు మఱియొకడు. వీరిని వేఱువేఱు గదులలో నుంచి, అడిగినదానికి బదులు చెప్పుటతప్ప నిర్ణయాధికార మేమియు నీయక, వినతిపత్రములు మాత్రము వేగముగా తెమలవలెనని కోరుట అన్యాయము.

అన్నియు త్వరితగతిని జరుగవలెనని నే ననను. ప్రశ్నపత్రముల గోప్యత, మార్కుల సవరణకు ఇద్దఱి పరిశీలన, పాలకమండలి చర్చ — వీనియందు విలంబమే రక్షణ.

మొత్తము కార్యాలయమును ఒకేమాఱు కంప్యూటరీకరింప బూనిన ఉపకులపతికి మూడేండ్ల పదవీకాలములో హెచ్చుభాగము టెండర్లతోనే గడచిపోవచ్చును. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు నొక్కదానిని చేపట్టి, నలుగురు ఉద్యోగుల జట్టునకు దానిని పూర్తిగా అప్పగించి, రెండు వారముల కొకమాఱు కిటికీ యొద్దకు వచ్చినవారినే అడిగి దిద్దుకొనుటకు టెండరు అక్కఱలేదు; ఒక యుత్తరువు చాలును.