ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివి?



మీ వారిని వార్డులో చేర్చుకున్నప్పుడు మేము జ్వరం చూస్తాము, బరువు చూస్తాము. ఆ తర్వాత "ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివి?" అని అడుగుతాము. జబ్బుకూ ఈ ప్రశ్నకూ సంబంధం ఏమిటని కొందరు విసుక్కుంటారు. సంబంధం ఉంది. అదేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఒక వానాకాలంలో అడవి లోపలి గూడెం నుంచి రెండేళ్ళ బిడ్డను తెచ్చారు. రెండు రోజులుగా విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి, నాలుక ఎండిపోయింది. నీళ్ళు ఎక్కడివని అడిగితే, "వాగులో చెలమవి సిస్టర్, అద్దంలా ఉంటాయి" అంది అమ్మమ్మ. ఆమె అబద్ధం చెప్పలేదు. ఇసుకలో వడగట్టుకొని వచ్చిన నీళ్ళు తేటగానే ఉంటాయి. కానీ తేట నీరు వేరు, మంచి నీరు వేరు. సెలైన్ ఎక్కించాక ఆ బిడ్డ కోలుకుంది. ఇంకొక్క పూట ఆలస్యమైతే ఏమయ్యేదో!

మన ప్రాంతపు నీళ్ళు

మనకు కనిపించే నీరు చాలా ఉంది. భద్రాచలం వైపు గోదావరి, అందులో కలిసే కిన్నెరసాని, తాలిపేరు, కూనవరం దగ్గర కలిసే శబరి. ఖమ్మం వైపు మున్నేరు, వైరా, పాలేరు. వీటిలోకి వచ్చే అడవి వాగులు లెక్కలేనన్ని. ఇక కనిపించని నీరు నేల కింద ఉంటుంది. బావి, బోరింగు, బోరు ద్వారా దాన్ని పైకి తెచ్చుకుంటాము.

ఈ రెండూ వేరు వేరు నీళ్ళు కావు. వాన నీరు, వాగు నీరు నేలలోకి ఇంకి భూగర్భ జలం అవుతుంది. ఎండాకాలంలో వాగు ఎండినా ఇసుక తవ్వితే చెలమ ఊరుతుంది. కాబట్టి పైన మనం చేసే మురికి కిందికీ చేరుతుంది.

నేల కింద నీరు ఎంత నిలుస్తుందన్నది అక్కడి రాతిని బట్టి ఉంటుంది. ఖమ్మం చుట్టుపక్కల ఎక్కువగా గట్టి రాయి. మెత్తబడిన పై పొరలోనూ, పగుళ్ళలోనూ మాత్రమే నీరు ఉంటుంది. అందుకే ఒకరి బోరులో నీళ్ళు పడితే పక్కవారి బోరు ఎండిపోతుంది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు ప్రాంతంలో ఇసుకరాయి ఉంది. దాని రేణువుల మధ్య నీరు నిలుస్తుంది.

భూగర్భ జల శాఖ వారు ఎంపిక చేసిన బావుల్లో నీటి మట్టం కొలుస్తారు. వానలకు ముందు మే నెల కొలతనూ, వానల తర్వాత నవంబరు కొలతనూ పోల్చితే, కురిసిన వానలో నేలకు ఎంత చేరిందో తెలుస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి మట్టాన్ని కూడా కొలుస్తారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మం పట్టణంలోకే వచ్చింది.

ఈ అంకెలు ఆసుపత్రికి కూడా అవసరమే. వరద వస్తే బావులు మునుగుతాయి, విరేచనాల కేసులు పెరుగుతాయి. మట్టం పడిపోతే బోరింగు ఎండి, జనం మళ్ళీ చెలమకు వెళ్తారు.

రెండు రకాల హాని

వాగు, చెలమ, చెరువు, మూత లేని బావి నీటిలో ముఖ్యమైన ప్రమాదం క్రిములు. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు వీటివల్ల వస్తాయి. నీటిని మరిగిస్తే ఈ క్రిములు చస్తాయి.

లోతు బోరు నీటిలో మరో ప్రమాదం ఉండవచ్చు. అది రాతిలోంచి కరిగే ఫ్లోరైడ్. ఉమ్మడి నల్గొండ జిల్లా పడిన బాధ మనందరికీ తెలుసు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 మించరాదు. మించితే పిల్లల పళ్ళపై మచ్చలు వస్తాయి, ఏళ్ళ తరబడి తాగితే నడుము, మెడ బిగుసుకుపోతాయి. వంకరపోయిన ఎముకను సరిచేసే మాత్ర లేదు.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుంచుకోండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. అందుకే మీ నీరు ఏ రకమో ముందు తెలియాలి.

ఇంటికి వెళ్ళాక ఏమి చేయాలి?

1. చెలమ, వాగు, బావి నీటిని గుడ్డతో వడపోసి, తెర్లిన తర్వాత కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. మూత పెట్టి చల్లార్చండి. బిందెలో చేయి ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీయండి.

2. చెలమను పశువులు దిగే చోటికీ, స్నానాలు చేసే చోటికీ ఎగువన తవ్వండి. అయినా మరిగించడం మానకండి.

3. బోరింగు గట్టు పగిలితే మురికి నీరు లోపలికి దిగుతుంది. బాగు చేయించండి. మరుగుదొడ్డి గుంట కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి.

4. బావి వరదలో మునిగితే, నీరు తోడించి, బ్లీచింగ్ పౌడరు వేయించేవరకు తాగకండి. మామూలు రోజుల్లో 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు వేసి, కనీసం గంట ఆగాలి. వరద తర్వాత ఇంకా ఎక్కువ కావాలి. ఆ మోతాదును ఆరోగ్య కార్యకర్త చేతనే వేయించండి.

5. బోరు నీటిని పరీక్ష చేయించమని పంచాయతీలో అడగండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలు ఉన్నాయి. ఒకే ఊళ్ళో రెండు బోర్ల నీరు ఒకేలా ఉండదు. ఫ్లోరైడ్ తక్కువ ఉన్నదాన్ని తాగడానికీ వంటకూ ఉంచి, రెండోదాన్ని బట్టలకు వాడండి. శుద్ధి చేసిన నల్లా నీరు వస్తుంటే రుచి బాగాలేదని వదలకండి.

6. విరేచనాలు మొదలైతే ఒక లీటరు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును ఒక లీటరు మంచి నీటిలో కలిపి పట్టండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటిలో 6 టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ గీటుకొలతగా కలపండి. తల్లిపాలు ఆపకండి. జింక్ మాత్రలు 14 రోజులు ఇవ్వాలి, మధ్యలో మానకూడదు.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారిలో కూడా గుక్కగుక్కగా పడుతూనే ఉండండి.

చివరగా ఒక మనవి. చెలమ నీళ్ళు తాగుతామని చెప్పడానికి కొందరు సిగ్గుపడి, "బోరింగు నీళ్ళే" అంటారు. దానివల్ల నష్టపోయేది మీ బిడ్డే. దగ్గర్లో మంచి నీరు లేకపోవడం మీ తప్పు కాదు. ఈసారి మేము అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సగం వైద్యం అక్కడే మొదలవుతుంది.