కట్టినవారొకరు, కాపురమున్నవారొకరు

న్యూయార్కు నగరమున, మన్‌హాటన్ ద్వీపపు ఉత్తరభాగమందు హార్లెం అను పేట కలదు. ఆ పేటలో 138, 139 సంఖ్యలుగల వీథుల ఇళ్ల వెనుక, బండ్లు పోవుటకై విడిచిన సందుల మొగదలనున్న ద్వారస్తంభములపై, గుఱ్ఱములను పరుగెత్తింపక నడిపించుకొనిపొండని బండివాండ్రను హెచ్చరించు వ్రాత నేటికిని కనిపించును. ఆ గుఱ్ఱములును లేవు, అవి పూన్చిన బండ్లలో విహరింపవలసిన దొరలును అచ్చట చిరకాలము కాపురముండలేదు. స్వాతంత్ర్యదేవత విగ్రహమునకు పీఠము కట్టి పేరుగాంచిన డేవిడ్ కింగ్ అను కంట్రాక్టరు, స్టాన్‌ఫర్డ్ వైట్ మొదలుగాగల ఆనాటి మేటి వాస్తుశిల్పులచేత నమూనాలు గీయించి, 1891లో ఈ ఇళ్ల వరుసలను ఆరంభించెను. అవి పూర్తియగుసరికి 1893 నాటి ఆర్థికసంక్షోభము వచ్చిపడెను. కొనువారు కరవై, 1895లో అప్పిచ్చిన ఈక్విటబుల్ బీమా కంపెనీ వానిని స్వాధీనము చేసికొనెను. తెల్లజాతి శ్రీమంతులకై కట్టిన ఆ ఇళ్లలో తుదకు స్థిరపడినవారు నల్లజాతి వైద్యులు, వాస్తుశిల్పులు, సంగీతవిద్వాంసులు.

హార్లెం చరిత్ర యంతయు ఇంచుమించుగా ఈ ఇళ్ల చరిత్రయే. పేదలు వచ్చిరి, పేట పాడయ్యెనని లోకులు చెప్పుకొను కథ మాత్రము తలక్రిందులుగా ఉన్నది. పేటను పాడుచేసినవారు దానిని కట్టినవారే. ఊరిలో మఱెచ్చటను నిలువనీడ లేక తఱుమబడినవారు వచ్చి దానిని నిలబెట్టిరి. ఈ రెండు పనులకును రైలుబండియే కారణమగుట విచిత్రము.

1658లో డచ్చివారు తమ దేశమందలి యొక నగరము పేరిట ఇచ్చట పల్లె నెలకొల్పిరి. దిగువ పట్టణమునుండి ఆ పల్లెకు మొదటి బండిబాట వేసినవారు వెస్టిండియా కంపెనీవారి ఆఫ్రికా బానిసలు. అనగా నల్లవారు ఈ పేటకు క్రొత్తగా వచ్చిరనుట కూడ పూర్తిగా నిజము కాదు. అలెగ్జాండర్ హామిల్టన్ వంటి ప్రముఖులు ఇచ్చట తోటలలో భవంతులు కట్టుకొనిరి. తరువాత భూసారము క్షీణించి పొలములు బీడువడగా, ఐర్లండునుండి వలసవచ్చిన పేదలు ఆ బీళ్లలో గుడిసెలు వేసికొనిరి. 1837లో ఒక రైలుమార్గము ఇంతదూరము వచ్చినది గాని ఊరి స్వరూపము మాఱలేదు. 1880 నాటికి, వీథులకు మీదుగా ఇనుపస్తంభములపై నడచు రైళ్లు హార్లెమునకు చేరినప్పుడే భూములకు రెక్కలు వచ్చెను.

అప్పుడు పుట్టిన కల సామాన్యమైనది కాదు. క్రింది పట్టణపు రొదకును, వలసజనుల గుంపులకును దూరముగా, కలవారు మాత్రమే వసించు ఉపనగర మొకటి ఇచ్చట వెలయునని గృహనిర్మాతలు నమ్మిరి, నమ్మించిరి. ముదురు గోధుమవన్నె ఇసుకరాతితో ముఖములు తీర్చిన ఇళ్లు వరుసలుగా లేచెను; కొన్ని భవనములలో విద్యుత్తుతో నడచు లిఫ్టులు, పనివారికి ప్రత్యేకపు గదులు, వెండిపాత్రలు దాచుకొను కొట్లు అమర్పబడెను; 1889లో ఆస్కార్ హామర్‌స్టైన్ అను చుట్టల వ్యాపారి 125వ వీథిలో ఒక ఒపేరా మందిరమునే కట్టించెను. ఇంతలో లెనాక్స్ వీథి క్రింద సొరంగపు రైలు రాబోవుచున్నదను వార్త పుట్టెను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, సొరంగము త్రవ్వుట ముగియకమునుపే దానిని ఎక్కబోవు ధనికుల సంఖ్యను లెక్కగట్టి, ఆ లెక్కను చూపి బ్యాంకులవద్ద అప్పులు తెచ్చి, ఆ అప్పులతో అంతస్తులపై అంతస్తులు లేపి, అమ్మినవాడే మరల కొనుచు, కొన్నవాడు మఱునెలలోనే ఇంకొకనికి అమ్ముచు, ధరను ఆకాశమున నిలిపిరి.

1904 నవంబరు 23న లెనాక్స్ వీథి సొరంగరైలు నిజముగనే వచ్చెను. దానికొఱకు కాచుకొనియున్న ఇళ్లన్నియు ఒక్కసారిగా బజారులో పడుటచే, వానిలో దిగువారు లేకపోయిరి. అద్దెలు సామాన్య గృహస్థునకు అందనివి. అందుకొనగలవారు అంతమంది లేరు. బ్యాంకులు అప్పులు నిలిపివేసెను. 1905 నాటికి భ్రమ తొలగి ధరలు కూలెను. క్రొత్త సున్నపువాసన వీడని మేడలు ఖాళీగా మిగిలెను. కొందఱు యజమానులు మొదటి నెలల అద్దె వదలుకొని కాపురస్థులను బ్రతిమాలుకొనిరి.

ఆ కాలముననే క్రింది పట్టణములో మఱియొక కథ నడచుచుండెను. న్యూయార్కు నల్లవారు అధికసంఖ్యలో టెండర్‌లాయిన్ అను ప్రాంతమునను, దానికి ఉత్తరమున సాన్ వాన్ హిల్ అను ప్రాంతమునను ఇఱుకుటిళ్లలో నివసించుచుండిరి. 1900 ఆగష్టులో తెల్లవారి మూకలు టెండర్‌లాయినులో వారిపై పడి కొట్టినప్పుడు, రక్షింపవలసిన పోలీసులే లాఠీలతో ఆ మూకలకు తోడైరి. ఆ గాయములు మానకమునుపే పెన్సిల్వేనియా రైల్వే కంపెనీ హడ్సన్ నది క్రిందుగా సొరంగములు త్రవ్వి, ఊరి నడుమ మహాస్టేషను నొకదానిని కట్టుటకు పూనుకొని, టెండర్‌లాయినులో వందలకొలది ఇళ్లు కొని పడగొట్టెను. రాతి స్తంభములతో రోము నగరపు స్నానశాలలను తలపించు ఆ స్టేషను 1910లో తెఱవబడినప్పుడు పత్రికలు వేనోళ్ల పొగడెను. ఆ స్థలమున అంతకుముందు ఉన్నవారు ఎచటికి పోయిరని అడిగినవారు తక్కువ. ఒక రైలు వారి ఇండ్లు పడగొట్టగా, మఱియొక రైలు ఐదు సెంట్ల టిక్కెట్టుతో వారిని ఖాళీమేడల వద్దకు చేర్చెను.

అయితే ఖాళీ ఇల్లును, ఇల్లు లేని మనుష్యుడును ఎదురెదురుగా నిలిచినంతమాత్రమున తలుపు తెఱచుకొనదు. నడుమ నొకడు కావలెను. ఆ నడిమివాడు ఫిలిప్ పేటన్. మసాచుసెట్సునుండి వచ్చిన ఈ నల్లజాతి యువకుడు మంగలిపని చేసెను, ఇళ్ల దళారుల కార్యాలయమొకదానిలో ఊడ్చి తుడిచెను, అచ్చట చెవినిబడిన మాటలనుబట్టి వ్యాపారరహస్యము గ్రహించి తానే దళారియయ్యెను. చాలకాలము బేరములు లేవు. 134వ వీథిలో ఇరుగుపొరుగు యజమానులిద్దఱకు తగవు వచ్చి, వారిలో నొకడు రెండవవానిపై కసి తీర్చుకొనుటకై తన ఇంటిని నల్లవారితో నింపుమని పేటనునకు అప్పగించుట అతని అదృష్టమునకు మొదలని అతడే చెప్పుకొనెను. హార్లెం తలుపు తెఱచుకొన్నది పరోపకారబుద్ధివలన గాదు; ఇద్దఱు తెల్లవారి పంతమువలన.

1904లో పేటన్ ఆఫ్రో-అమెరికన్ రియల్టీ కంపెనీని 5 లక్షల డాలర్ల మూలధనముతో, వాటా ఒక్కింటికి 10 డాలర్లుగా స్థాపించెను. ఆ కాలముననే హడ్సన్ రియల్టీ అను తెల్లవారి కంపెనీ 135వ వీథిలో కొన్ని ఇళ్లు కొని, అందలి నల్లవారిని వెళ్లగొట్టుటకు పూనుకొనెను. పేటన్ సభలు చేయలేదు, విజ్ఞాపనలు వ్రాయలేదు. ప్రక్కనున్న ఇళ్లు తాను కొని, వానిలోని తెల్లవారిని ఖాళీచేయించి, వెళ్లగొట్టబడిన నల్లవారిని అందులో దింపెను. హడ్సన్ కంపెనీ దిగివచ్చి, తాను కొన్న ఇళ్లను విడిచిపెట్టక తప్పలేదు. పేటన్ అద్దెలు కూడ తక్కువేమియు పుచ్చుకొనలేదని, వాటాదారులే అతనిపై కోర్టుకెక్కిరని చెప్పుట న్యాయము. 1908లో కంపెనీ మూతపడెను. ఐనను త్రోవ పడినది. అతనివద్ద పనిచేసిన జాన్ నెయిల్, హెన్రీ పార్కర్ అనువారు వేఱుగా దళారీ సంస్థ పెట్టి, 1911లో సెయింట్ ఫిలిప్స్ అను నల్లవారి చర్చిచేత 135వ వీథిలో 10 పెద్ద భవనములను 6,40,000 డాలర్లకు కొనిపించిరి. అంతవఱకు తెల్లవారికి మాత్రమే అద్దెకిచ్చిన ఇళ్లకు చర్చి యజమానియయ్యెను.

తెల్ల యజమానులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నల్లవారికి అమ్మమని, అద్దెకీయమని ఒప్పందపత్రములు వ్రాసికొని రిజిస్టరు చేయించిరి. జాన్ టేలర్ అను సంఘనాయకుడు 136వ వీథి హద్దుగా 24 అడుగుల ఎత్తున కంచె వేయవలెనని సలహా చెప్పెను. ఆ ఐకమత్యము నిలువలేదు. బ్యాంకు వాయిదా దగ్గఱపడినవాడు ఒప్పందమును మఱచును. ఒక వీథిలో ఒక్కడు నల్లవారికి అమ్మగానే తక్కినవారు భయపడి, వచ్చిన ధరకు వదిలించుకొని పోయిరి.

ఈ మార్పులో గడించినవారిలో లిలియన్ హారిస్ అను స్త్రీ చరిత్ర ఆనాటి హార్లెమువారు తనివితీర చెప్పుకొనునది. మిసిసిపీనుండి వచ్చినప్పుడు ఆమెవద్ద నున్నది 5 డాలర్లట. మూడింటితో పసిపిల్లల తోపుడుబండి నొకదానిని, ఒక గంగాళమును కొని, మిగిలిన రెండింటితో పందికాళ్లు తెచ్చి, ఉడికించి, ఆ బండిమీదనే సారాయికొట్టు వాకిట వేడివేడిగా అమ్మనారంభించెను. దక్షిణాదినుండి వచ్చిన కూలీలకు అది అమ్మచేతి వంట. గిరాకీ హార్లెమునకు తరలగా ఆమెయు తరలి, లెనాక్స్ వీథిలో 135వ వీథి మలుపున బండి నిలిపెను. చదువు రాకపోయినను సొమ్ము ఎచ్చట పెట్టవలెనో ఆమెకు తెలిసెను: 42,000 డాలర్లకు కొన్న భవనమును 72,000లకు అమ్మెను. ఒపేరా మందిరము కట్టించిన హామర్‌స్టైన్ హార్లెమున చేయి కాల్చుకొనగా, పందికాళ్లు అమ్మిన యీమె లాభము గడించినది.

మొదటి ప్రపంచయుద్ధముతో ఐరోపా వలసలు ఆగిపోగా ఉత్తరాది కార్ఖానాలకు కూలీలు కరవైరి. దక్షిణమున పత్తికాయలను తొలుచు ముక్కుపురుగు పంటను మ్రింగివేసెను, మూకహత్యల భయమా ఎన్నటికిని తీఱునది కాదు. రైలుపెట్టెలలో ప్రయాణికులకు పడకలు పఱచు పుల్మన్ కంపెనీ నల్లపోర్టర్లు, షికాగోనుండి వెలువడు డిఫెండర్ పత్రిక కట్టలను రహస్యముగా దక్షిణమునకు కొనిపోయి, ఉత్తరాది జీతముల వార్తలను పల్లెపల్లెకు చేర్చిరి. తండోపతండములుగా జనులు రైలెక్కిరి. 1919లో ఈక్విటబుల్ కంపెనీ సయితము పట్టుదల సడలించి, ప్రారంభమున చెప్పిన ఇళ్లను నల్లవారికి అమ్మసాగెను.

1921 సెప్టెంబరులో లాంగ్‌స్టన్ హ్యూస్ అను యువకుడు 135వ వీథి స్టేషనులో దిగి, సొరంగపు మెట్లెక్కి పైకి రాగానే, ఎటుచూచినను తనవారే కనబడుటచే, వారందఱితో చేతులు కలుపవలెనన్నంత ఉత్సాహము పొందెనట. అతడు వచ్చినది హార్లెమును ఆనుకొనియున్న గుట్టమీది కొలంబియా విశ్వవిద్యాలయములో చదువుటకు. ఏడాదికే అచ్చటి చదువు విడిచి, హార్లెము కవిగా పేరుగాంచెను. అదే విశ్వవిద్యాలయమున అంతకు కొంచెము ముందు, 1913 మొదలు 1916 వఱకు, మన అంబేడ్కరు విద్యార్థి. గుట్ట క్రింద జరుగుచున్న ఈ తలుపుల యుద్ధమును ఆయన ఎంత దగ్గఱగా చూచెనో చెప్పజాలము గాని, 1946లో నల్లజాతి మేధావి డు బోయిస్‌కు ఉత్తరము వ్రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవారు పెట్టుకొన్న విజ్ఞాపన ప్రతిని అడిగినది ఆయనయే.

1920ల నాటి హార్లెమును గూర్చి సంగీతము, కవిత్వము అని వ్రాయువారు ఒక సంగతి మఱవరాదు: పేటకు కలిగిన ఈ పునర్జీవనము చౌకగా దొరకలేదు. ఊరిలో మఱెచ్చటను చోటు లేనివాడు అడిగినంత ఇచ్చుకొనవలసినదే గనుక, తెల్ల కాపురస్థునికన్న నల్లవానివద్ద ఎక్కువ అద్దె పుచ్చుకొనిరి. ఒక్క కుటుంబమునకై కట్టిన ఇల్లు గదులుగా చీలి ఐదాఱు కుటుంబములను మోసెను. నెలాఖరున అద్దె చాలనివారు పియానో వాయించువానిని పిలిచి, ప్రవేశమునకు కొద్దిపాటి రుసుము పెట్టి, ఇంటిలోనే విందు నాట్యము జరిపి లోటు పూడ్చుకొనిరి. లెనాక్స్ వీథిలోనే ఉన్న కాటన్ క్లబ్బులో వేదికపై నల్లవారు పాడుచు ఆడుచుండగా, చూచువారు తెల్లవారే; పేటవాసులకు ప్రవేశము లేదు.

అద్దె కట్టుటకు జీతము పెఱుగవలెను గదా. పుల్మన్ పోర్టరు నెలకు 400 గంటలు పనిచేయవలసియుండెను, లేదా 11,000 మైళ్లు ప్రయాణము పూర్తిచేయవలెను. ప్రయాణికులు అతనిని సొంత పేరున పిలువక, కంపెనీ స్థాపకుని పేరిట జార్జి అని పిలిచెడివారు. 1925 ఆగష్టు 25 రాత్రి హార్లెమున 129వ వీథిలోని సభాభవనమున పోర్టర్లు సమావేశమై సంఘము స్థాపించిరి. నాయకుడుగా ఫిలిప్ రాండాల్ఫ్ అను పత్రికాసంపాదకుని ఎన్నుకొనిరి. అతడు పోర్టరు కాడు గనుక కంపెనీ అతని ఉద్యోగము ఊడబెరుకజాలదని వారి యెత్తుగడ. కంపెనీ గూఢచారులను పెట్టెను, సభ్యులను తొలగించెను, సంఘము ఉన్నదనియే ఒప్పుకొనలేదు. సరిగా 12 ఏండ్లకు, 1937 ఆగష్టు 25న, పుల్మన్ కంపెనీ వారితో ఒప్పందమునకు సంతకము చేసెను. నెలకు 400 గంటల పని 240కి తగ్గెను.