ఎముకకు అంటుకునే పన్ను

మా అత్తయ్యగారికి కింది దవడలో రెండు దంతాలు ఊడిపోయాయి. జంతికలు చేసిన రోజున అందరికీ పెట్టి, తాను మాత్రం మజ్జిగన్నంతో సరిపెట్టుకునేవారు. డాక్టరు ఇంప్లాంటు పెట్టించుకోమన్నారు. “ఇనప మేకు ఎముకలో ఎలా నిలుస్తుందే, అమ్మాయీ?” అని ఆవిడ అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి నా ప్రసంగం.

అది ఇనుము కాదండీ, టైటానియం. తుప్పు పట్టదు, ఒంటికి సరిపడుతుంది. 1950ల తొలినాళ్లలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చి పరిశోధన చేశారు. పని అయ్యాక తీయబోతే రాలేదట! ఎముక దాన్ని పట్టేసింది. 1965లో ఆయనే మనిషి దవడలో అమర్చారు.

మరి లేజరు ఎందుకంటారా? మేస్త్రీ నున్నటి గోడకు పూత పెట్టేముందు ఉలితో గాట్లు పెడతాడు, చూశారు కదూ? గాట్లు లేకపోతే సిమెంటు పట్టదు. ఇక్కడా అంతే. నున్నటి లోహం కన్నా కాస్త గరుకుగా ఉన్నదాన్ని ఎముక బాగా పట్టుకుంటుంది. అందుకని సన్నని రజను చిమ్మి, ఆమ్లంతో కడిగి గరుకు చేస్తారు. కాని ఆ రజను రేణువులు ఒక్కోసారి లోహంలో ఇరుక్కుపోతాయి. లేజరు అలా కాదు. అది కాంతి, దేన్నీ తాకకుండా పైపొరను క్షణంలో కరిగించి, కోరిన చోట కోరినంత గుంట చేస్తుంది. కొన్ని ఇంప్లాంట్ల మెడ దగ్గర 8 మైక్రాన్ల గాళ్లు వరసగా గీస్తారు. మన తలవెంట్రుక అంతకు ఎన్నో రెట్లు లావు! ఆ గుంటల్లో నెత్తురు గడ్డ కట్టి నిలుస్తుంది, కణాలు వచ్చి చేరతాయి, క్రమంగా కొత్త ఎముక అల్లుకుంటుంది.

అయితే ఒక్క మాట. “లేజరు” అన్న పేరు విని ఎక్కువ డబ్బు పోయకండి. రజను, ఆమ్లంతో చేసినవీ ఏళ్ల తరబడి చక్కగా నిలుస్తున్నాయి. పైగా గరుకు భాగం చిగురు పైకి తేలితే పాచి కూడా అక్కడే పడుతుంది. రోజూ శుభ్రం చేసుకోవాలి. చక్కెర జబ్బు అదుపులో లేకపోయినా, పొగ తాగినా ఎముక సరిగా పట్టదు. ఎముక అతకడానికి సాధారణంగా నెలలు పడుతుంది. డాక్టరు సరేననేదాకా దానిమీద గట్టివి కొరకకూడదు.

అత్తయ్యగారు మూడు నెలలు ఓపిక పట్టారు. మొన్న సంక్రాంతికి హాల్లో జంతిక కరకరమన్న చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినిపించింది!