భాగం 9: ఆన్‌లైన్ మనోచికిత్స ప్రారంభ దశ: వ్యక్తులు, దంపతులు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఆన్‌లైన్ చికిత్సకు, ముఖాముఖి చికిత్సకు ప్రారంభ దశలో ఉన్న ముఖ్యమైన తేడాను వివరించగలుగుతారు.
• తగిన నిపుణులను ఎలా ఎంచుకోవాలో చెప్పగలుగుతారు.
• మొదటి సమావేశానికి ముందు కుదుర్చుకోవలసిన విషయాలను పేర్కొనగలుగుతారు.
• దంపతుల చికిత్సలో అదనంగా పాటించవలసిన జాగ్రత్తలను విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

సేవార్థి చికిత్సాలయానికి వెళ్ళినప్పుడు చికిత్సకులు తలుపు మూస్తారు. బయటివారికి మాటలు వినిపించవు. ఆ గదిని ఏర్పాటు చేసేది చికిత్సకులే. కాబట్టి దాని గురించి సేవార్థి ఆలోచించవలసిన అవసరం ఉండదు. ఆన్‌లైన్ చికిత్సలో ఆ గది ఉండదు. ముగ్గురు ఉండే హాస్టల్ గదిలోనో, అత్తమామలతో కలిసి ఉండే రెండు గదుల ఇంట్లోనో సేవార్థే చోటు వెతుక్కోవాలి. అందువల్ల ఆన్‌లైన్ చికిత్సను ప్రారంభించడం అంటే లింకు నొక్కడం కాదు. నిర్భయంగా మాట్లాడగలిగే చోటును చికిత్సకులు, సేవార్థి కలిసి ఏర్పరచుకోవడమే ప్రారంభ దశలోని అసలు పని.

ఈ కల్పిత ఉదాహరణను గమనించండి. జగిత్యాల జిల్లాలోని ఒక గ్రామంలో 29 ఏళ్ళ మహిళ అత్తమామలతో ఉంటున్నది. భర్త దుబాయిలో పని చేస్తున్నాడు. ఏడాదిగా ఫోనులో ఏ మాట మొదలుపెట్టినా పంపిన డబ్బు దగ్గరికి వచ్చి గొడవగా మారుతున్నది. ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ఉన్న ఒకే స్మార్ట్‌ఫోనులో అత్తగారు కూడా కొడుకుతో మాట్లాడతారు. ఈమె చికిత్సను ఎలా ప్రారంభించాలి?

9.2 నిపుణులను ఎంచుకోవడం

మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసేవారి అర్హతలు ఒకే విధంగా ఉండవు.

సైకియాట్రిస్టు వైద్యశాస్త్రం చదివిన డాక్టరు. రోగనిర్ధారణ చేసి మందులు రాయగలరు. డాక్టర్లు దూరం నుంచి వైద్యం చేయడానికి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వెలువడ్డాయి. వీటి ప్రకారం కొన్ని రకాల మందులను ఈ పద్ధతిలో రాయకూడదు.

క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వ పరీక్షలు, మనోచికిత్స నిర్వహిస్తారు. మందులు రాయరు. వీరి పేరు భారత పునరావాస మండలి రిజిస్టరులో ఉందో లేదో సేవార్థి చూసుకోవచ్చు.

కౌన్సెలర్ అనే పేరును రకరకాల శిక్షణ పొందినవారు వాడుతున్నారు. కాబట్టి ఏమి చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, దంపతులతో పనిచేసిన అనుభవం ఉందా అని అడగాలి. ఇలా అడగడం అమర్యాద కాదు. అర్హత గలవారు ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెబుతారు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి టెలి మానస్ ఒక ప్రవేశ ద్వారం. కేంద్ర ప్రభుత్వం దీనిని 2022 అక్టోబర్ 10న ప్రారంభించింది. 14416 నంబరుకు రోజులో ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మన ఉదాహరణలోని మహిళకు ఇంటర్నెట్ లేకపోయినా ఈ దారి తెరిచే ఉంటుంది.

9.3 మొదటి సమావేశానికి ముందు కుదుర్చుకోవలసినవి

9.3.1 చోటు: ఇయర్‌ఫోను పెట్టుకుంటే చికిత్సకుల మాటలు బయటకు వినిపించవు. కానీ సేవార్థి మాటలు వినిపిస్తాయి. చాలామంది ఈ సగాన్ని మరచిపోతారు. ఇల్లు ఖాళీగా ఉండే సమయం, డాబా, నమ్మకమైన స్నేహితురాలి ఇల్లు వంటివి ముందుగానే ఆలోచించుకోవాలి. అనుకోకుండా ఎవరైనా వస్తే చెప్పడానికి ఒక సంకేత వాక్యం పెట్టుకోవాలి. ఉదాహరణకు, సేవార్థి “ఈరోజు నెట్ సరిగా లేదు” అనగానే చికిత్సకులు ఆ విషయాన్ని ఆపివేస్తారు.

9.3.2 ఫోను: ఫోనును ఇంకొకరు కూడా వాడుతుంటే లింకులు, చెల్లింపు సందేశాలు, కాల్ వివరాలు వారి కంట పడతాయి. ఏ నంబరుకు, ఏ సమయంలో సందేశం పంపాలో చికిత్సకులకు ముందే చెప్పాలి.

9.3.3 సమ్మతి, గోప్యత: రుసుము, సమావేశ కాలవ్యవధి, నమోదు చేసే వివరాలు, చికిత్సను మానుకునే హక్కు గురించి తెలుసుకున్న తరవాత ఇచ్చేదే నిజమైన సమ్మతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా గుర్తించింది. అయితే దీనికి పరిమితులు ఉన్నాయి. ప్రాణాపాయం ఉన్నప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు అవసరమైనంత సమాచారాన్ని వెల్లడించవచ్చు. పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా తెలియజేయక తప్పదు. ఈ పరిమితులను సేవార్థికి ముందే చెప్పాలి.

9.3.4 అత్యవసర ప్రణాళిక: ప్రతి సమావేశం మొదట్లో “ఇప్పుడు ఎక్కడున్నారు?” అని చికిత్సకులు అడుగుతారు. ఇది అనుమానం కాదు. ప్రమాదం ఎదురైతే సహాయాన్ని ఏ ఊరికి పంపాలో తెలియాలి. దగ్గరలో ఉన్న నమ్మకమైన ఒకరి నంబరు, సమీప ఆసుపత్రి పేరు కూడా తీసుకుంటారు. లైను తెగిపోతే ఎవరు తిరిగి ఫోను చేయాలో కూడా నిర్ణయించుకోవాలి. ఏడుస్తుండగా తెర ఆగిపోతే, తనను వదిలేశారని సేవార్థి అనుకునే ప్రమాదం ఉంది.

9.4 వ్యక్తిగత చికిత్సలో మొదటి సమావేశం

వ్యక్తిగత సమావేశం సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు ఉంటుంది. మొదటి రెండు మూడు సమావేశాలు సమస్యను అర్థం చేసుకోవడానికే సరిపోతాయి. ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చికిత్సా సంబంధాన్ని మూడు అంశాలుగా వివరించాడు. అవి: లక్ష్యాల మీద అంగీకారం, చేయవలసిన పనుల మీద అంగీకారం, ఇద్దరి మధ్య ఏర్పడే అనుబంధం. తెర మీద కలుసుకున్నా ఈ మూడూ అవసరమే.

అయితే తెర మీద ముఖమే కనిపిస్తుంది. వణికే చేతులు, నేలను రాస్తున్న కాలు కనిపించవు. అందువల్ల ముఖాముఖిలో చూసి గ్రహించేదాన్ని ఇక్కడ చికిత్సకులు అడిగి తెలుసుకోవాలి. “మీరు ఇప్పుడు మౌనంగా ఉన్నారు. ఏమనిపిస్తున్నది?” అన్న ప్రశ్న అలాంటిదే. సేవార్థి కూడా మాటల్లో చెప్పడం అలవాటు చేసుకోవాలి.

మన ఉదాహరణలోని మహిళ మొదటి సమావేశంలో “మా ఆయన మారాలి” అనవచ్చు. భర్త ఆ సమావేశంలో లేడు కాబట్టి అది చికిత్సా లక్ష్యం కాలేదు. “నిద్ర పట్టాలి, డబ్బు మాట వచ్చినప్పుడు నా మాట నేను చెప్పగలగాలి” అన్నది లక్ష్యం కాగలదు.

9.5 దంపతుల చికిత్సను ప్రారంభించడం

దంపతుల మధ్య తగవు వస్తే పెద్దమనుషులు కూర్చుని తప్పు ఎవరిదో తేల్చడం మన ఊళ్ళలో ఉన్న అలవాటు. చాలామంది దంపతులు చికిత్సకుల నుంచి కూడా అటువంటి తీర్పునే ఆశిస్తారు. దంపతుల చికిత్సలో సేవార్థి భార్యా కాదు, భర్తా కాదు. వారి సంబంధమే సేవార్థి. ఈ విషయాన్ని మొదటి రోజే ఇద్దరికీ స్పష్టం చేయాలి.

ప్రారంభంలో కింది నియమాలను కుదుర్చుకోవాలి.

1. విడివిడి సమావేశాలు: ఉమ్మడి సమావేశంతో పాటు ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడటం మంచిది. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, డబ్బుగాని ఫోనుగాని ఇవ్వకుండా కట్టడి చేయడం వంటివి ఉంటే విడిగా ఉన్నప్పుడే బయటపడతాయి. కెమెరాకు కనిపించని చోట ఎవరూ లేరని అప్పుడు కూడా నిర్ధారించుకోవాలి.

2. రహస్యాలు: విడిగా చెప్పిన విషయాన్ని రెండో వ్యక్తి దగ్గర దాచాలా, వద్దా అన్న నియమం అందరికీ ముందే తెలియాలి. తరవాత తెలిస్తే నమ్మకం పోతుంది.

3. రికార్డింగు నిషేధం: ఎవరూ సమావేశాన్ని రికార్డు చేయకూడదు. తన మాటలు రేపు తనకే వ్యతిరేకంగా వాడతారన్న భయం ఉన్నచోట ఎవరూ మనసు విప్పరు.

4. సమయం, సాధనం: దుబాయి సమయం మన కంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ రాత్రి 9 గంటలంటే ఇక్కడ 10.30. పని నుంచి అలసి వచ్చిన మనిషికి, ఇల్లు సర్దుమణిగే వరకు ఆగే మనిషికి కుదిరే వేళను వెతకాలి. అక్కడ అనుమతి ఉన్న వీడియో యాప్ ఏదో, విదేశంలో ఉన్నవారికి సేవ అందించడానికి చికిత్సకులకు వీలుందో లేదో కూడా ముందే తెలుసుకోవాలి.

9.6 ఆన్‌లైన్ ఉమ్మడి చికిత్స తగని సందర్భాలు

ఇంట్లో హింస కొనసాగుతుంటే ఉమ్మడి సమావేశం ప్రమాదకరం కావచ్చు. తెర ముందు చెప్పిన నిజానికి తెర ఆగిన తరవాత శిక్ష పడవచ్చు. అప్పుడు చికిత్సకులు పక్క గదిలో ఉండరు. ఇటువంటి సందర్భంలో భద్రతకే మొదటి స్థానం. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసర సహాయం 112, గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 కింద లభించే రక్షణ గురించి బాధితురాలికి విడిగా తెలియజేయాలి. ఆత్మహత్య ఆలోచన తీవ్రంగా ఉన్నవారికి, వాస్తవంతో సంబంధం తెగిపోయినవారికి నేరుగా ఆసుపత్రిలో వైద్యం అందాలి.

9.7 సారాంశం

ఆన్‌లైన్ చికిత్స దూరాన్ని తగ్గిస్తుంది. కానీ మూసిన తలుపును తనంతట తాను ఇవ్వదు. అర్హత గల నిపుణులు, వినిపించని చోటు, తెలిసి ఇచ్చిన సమ్మతి, అత్యవసర ప్రణాళిక కలిసినప్పుడే ఆ తలుపు మూసుకుంటుంది. దంపతుల విషయంలో వీటితో పాటు రహస్యాలు, రికార్డింగు, భద్రత గురించిన నియమాలు కూడా కుదరాలి. మన ఉదాహరణలోని మహిళ వేయవలసిన మొదటి అడుగు భర్తను ఒప్పించడం కాదు. వారానికి ఒక గంట ఎవరికీ వినిపించకుండా మాట్లాడగలిగే చోటు వెతుక్కోవడం.

9.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. “ఇప్పుడు ఎక్కడున్నారు?” అని చికిత్సకులు ప్రతిసారీ ఎందుకు అడుగుతారు?
2. బోర్డిన్ పేర్కొన్న మూడు అంశాలు ఏవి?
3. దంపతుల చికిత్సలో సేవార్థి ఎవరు?

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఆన్‌లైన్ చికిత్సలో మొదటి సమావేశానికి ముందు కుదుర్చుకోవలసిన అంశాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దంపతులతో విడివిడిగా మాట్లాడవలసిన అవసరాన్ని చర్చించండి.
2. గోప్యతకు ఉన్న పరిమితులను తెలపండి.