ఫాదర్ హెరాస్ – విజయనగర చరిత్ర

తళ్ళికోట యుద్ధం అనగానే బడిలో విన్న కథే మనకు గుర్తుకు వస్తుంది. ఒక పక్క హిందూ రాజ్యం, మరో పక్క ఏకమైన సుల్తానులు. అయితే 1565 నాటి ఆ యుద్ధానికి ముందు ఎవరు ఎవరితో చేతులు కలిపారో తెలుసుకోగోరే పాఠకుడు నేటికీ తెరవవలసిన గ్రంథాలలో ఒకటి ఒక క్రైస్తవ మతగురువు వ్రాసినది. ఆయనే ఫాదర్ హెన్రీ హెరాస్.

హెరాస్ 1888లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో జన్మించారు. జెసూయిట్ సంఘంలో చేరి, 1922లో బొంబాయి వచ్చి, సెయింట్ జేవియర్స్ కళాశాలలో చరిత్ర బోధించారు. 1926లో అక్కడే భారత చరిత్ర పరిశోధన సంస్థను నెలకొల్పి నాణేలు, శిల్పాలు, గ్రంథాలు సేకరించారు. ఆ సంస్థ తరువాత ఆయన పేరనే నిలిచింది. 1955లో బొంబాయిలోనే కన్నుమూశారు. 1981లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా స్టాంపు వెలువరించింది.

తెలుగువారికి ఆయన కృషిలో ముఖ్యమైనది 1927లో వెలువడిన ఆరవీటి వంశ చరిత్ర. సీవెల్ 1900లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం 1565 తరువాతి కాలాన్ని క్లుప్తంగా ముగించింది. హెరాస్ అక్కడ ఆగలేదు. పెనుగొండ, చంద్రగిరుల నుండి ఏలిన రాజుల చరిత్రను శాసనాలు, ఫెరిష్తా చరిత్ర, కావ్యాలు, జెసూయిట్ పాదరీల లేఖలు పక్కపక్కన పెట్టి కూర్చారు.

అలా కలిపి చదివితే బడిలో విన్న కథ నిలవదు. సోదరుడు జంషీద్‌కు భయపడి 1543లో గోల్కొండ విడిచిన ఇబ్రహీం కుతుబ్‌షా ఏడేళ్ళు తలదాచుకున్నది విజయనగరంలో, రామరాయల అండన. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడినది ఈ ఇబ్రహీంనే. బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షా 1558లో అహ్మద్‌నగర్‌పై దండెత్తినప్పుడు ఆయన వెంట నడిచింది రామరాయల సేన. ఏడేళ్ళు తిరిగేసరికి ఆ అలీ, ఆ ఇబ్రహీం ఇద్దరూ రామరాయలపైకే వచ్చారు. దీనిని ఉత్త మతయుద్ధమంటే ఈ సంవత్సరాలన్నిటినీ ఎక్కడ దాచాలి?

పాదరీల లేఖల విషయంలో మాత్రం పాఠకుడు కొంత జాగ్రత్తగా ఉండాలి. 1598లో చంద్రగిరి చేరిన జెసూయిట్లు వేంకటపతిరాయల కొలువును కళ్ళారా చూశారు. చూసినదానికి వారి సాక్ష్యం విలువైనదే. కాని రాజు మనసులో ఏమున్నదో చెప్పేచోట వారి ఆశ కూడా కలంలోకి దిగుతుంది. అంతకు ముందు 1580లో ఫతేపూర్ సిక్రీ చేరిన పాదరీలు అక్బరు క్రైస్తవుడవుతాడని నమ్మారు, కాలేదు. స్వసంఘం వారి లేఖలు కాబట్టి హెరాస్‌కు వాటిపై మక్కువ ఎక్కువేనని నాకనిపిస్తుంది.

ఆయన మాటలన్నీ నిలిచాయని కాదు. సింధు లిపిని ద్రావిడ భాషగా చదవబోయిన ఆయన పఠనాన్ని పండితులు అంగీకరించలేదు. 1929లో విజయనగర ప్రారంభాన్ని గురించి వ్రాస్తూ, విద్యారణ్యులు నగరాన్ని స్థాపించారన్న కథ 16వ శతాబ్దంలో శృంగేరి మఠంలో పుట్టిందనీ, అసలు నగర నిర్మాత హొయసల మూడవ బల్లాలుడనీ వాదించారు. హరిహర బుక్కలు కాకతి ప్రతాపరుద్రుని కొలువులోనివారని నమ్మే మనవారికి ఇది రుచించలేదు. నేలటూరి వెంకటరమణయ్యగారు ఆంధ్ర మూలాన్ని సమర్థిస్తూ 1933లో వేరే గ్రంథమే ప్రకటించారు. చదివేవారు ఆ రెంటినీ కలిపే చదవాలి.