వినోదపు నేలపై వృక్షోద్యానం.. మొక్క నాటితే చాలదు
రామచంద్రపురం: హైదరాబాద్ వనస్థలిపురం చెంతనున్న మహావీర్ హరిణ వనస్థలి ఒకనాడు నిజాం ప్రభువుల వేటస్థలం. 3,600 ఎకరాలకు పైబడిన ఆ నేల 1975లో కృష్ణజింకల రక్షణకు అంకితమైంది. జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం కథ కూడా ఇంచుమించు అలాంటిదే. ఏడో నిజాం మనుమడు ముకర్రం ఝాకు చెందిన చిరాన్ ప్యాలెస్, అశ్వశాలలు, మోటారుఖానాలతో విలసిల్లిన ఆవరణను ప్రభుత్వం 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. 600కు పైగా మొక్కజాతులు, 140 రకాల పక్షులు అక్కడ ఆశ్రయం పొందుతున్నట్లు లెక్క. కొద్దిమంది విలాసానికి కేటాయించిన నేల పదిమందికి నీడనివ్వడం తెలుగువారికి కొత్త కాదన్నమాట.

విదేశాల్లో గోల్ఫ్ మైదానాలు సైతం ఈ బాట పట్టాయి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ సమీపాన 155 ఎకరాల అకేషియా గోల్ఫ్ క్లబ్ భూమి 2012లో అక్కడి ఉద్యానవనాల సంస్థకు దక్కింది. గడ్డి కోత మానివేసి, వాగును పునరుద్ధరించి, ఆ నేలను ప్రకృతికి అప్పగించారు. ఇంగ్లండులో బ్రెటన్ హాల్ అనే జమీందారీ భవంతి విహారవనం 1977లో యార్క్‌షైర్ శిల్పోద్యానంగా మారింది. నేడు 500 ఎకరాల్లో చెట్ల నడుమ శిల్పాలు కొలువుదీరి ఉన్నాయి.

పార్కు వేరు.. వృక్షోద్యానం వేరు

డెల్టాలో ఎక్కువగా కనిపించేవి వరిచేలు, కొబ్బరితోటలే. కాలువగట్ల మీది మర్రి, రావి, నిద్రగన్నేరు మానులే మనకు తెలిసిన మహావృక్షాలు. రహదారుల విస్తరణలో అవీ నేలకొరుగుతున్నాయి. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కొబ్బరితోటలు ఏ తీరున కూలాయో చూసినవారికి ఒకే జాతి చెట్టును నమ్ముకోవడంలోని ముప్పు వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే వాడుక తప్పిన వినోదస్థలం దొరికినప్పుడు దాన్ని మరో పార్కుగా కాక వృక్షోద్యానంగా మలచడం మేలు.

పార్కులో చెట్టు అలంకారం. వృక్షోద్యానంలో చెట్టు ఒక దస్తావేజు. దాని పేరు ఏమిటి, విత్తనం ఎక్కడిది, ఎప్పుడు నాటారు, ఏ ఏట పూసింది.. అన్నీ పుస్తకానికి ఎక్కాలి. 1872లో బోస్టన్‌లో ఆరంభమైన ఆర్నాల్డ్ వృక్షోద్యానానికి ప్రపంచఖ్యాతి తెచ్చినవాటిలో అక్కడి చెట్లతో పాటు ఈ నమోదు పద్ధతీ ఒకటి.

మొక్కలకు మనం వెతుక్కోవలసిన పని లేదు. పొరుగునే కడియం, కడియపులంక నర్సరీలున్నాయి. కొత్త సంవత్సరానికి, జాతీయ పండుగలకు మొక్కలతోనే బొమ్మలు తీర్చే కళ కూడా అక్కడివారిదే. అయితే త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ వంటివి తెచ్చి నాటితే పని చెడుతుంది. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నిషేధించింది. నల్లమద్ది, పొన్న, పొగడ, కానుగ, గంగరావి మన నేల ఎరిగిన చెట్లు.

కళకు పుట్టిల్లు చెట్టే

కళ అనగానే ఉద్యానం నడుమ సిమెంటు బొమ్మ నిలబెట్టడం మనకు అలవాటు. విగ్రహాలకు పేరొందిన కొత్తపేట శిల్పులు చేరువలోనే ఉన్నారు కనుక అదీ మంచిదే. కానీ మన కళలు చెట్టు నుంచే పుట్టాయన్న సంగతి మరువరాదు. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు, బొబ్బిలి వీణకు పనస, కలంకారీ వస్త్రానికి కరక్కాయ. ఈ చెట్లన్నీ ఒకచోట పెరిగి, ప్రతి మాను పక్కనా దానితో తయారైన వస్తువును ప్రదర్శిస్తే బడిపిల్లలకు అంతకు మించిన పాఠం ఉండదు. తెల్లపొణికి, అంకుడు మెట్ట నేలల చెట్లు. నీరు నిలిచే డెల్టా మట్టిలో వాటికి గట్టు ఎత్తక తప్పదు.

ఏళ్ల తరబడి రోలర్లు, పాదాలు తొక్కి గట్టిపడిన మైదానంలో వేరు దిగదు. ముందు నేలను లోతుగా గుల్ల చేసి, వాన నీరు పోయే దారి చూసి, తొలకరి తరువాతే నాటాలి. పిల్లలు నేటికీ ఆడుకుంటున్న మైదానాన్ని చెట్ల పేరిట లాక్కోవడం మాత్రం న్యాయం కాదు. క్రీడాస్థలాలు మన పట్టణాల్లో ఇప్పటికే అరుదు.

ఒకసారి ప్రకటించినంత మాత్రాన రక్షణ శాశ్వతమని అనుకోరాదు. హైదరాబాద్ ఉద్యానవనం చుట్టూ పైవంతెనల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదనపై 2016లో నగరవాసులు వీధికెక్కారు. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

మన దగ్గర అసలు పరీక్ష మొదటి రెండు మూడు వేసవులదే. ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. ఆ రోజుల్లో చిన్న మొక్కకు నీరు ఎవరు పోస్తారు, ఆ కూలి ఏ పద్దు నుంచి చెల్లిస్తారు అన్నది శంకుస్థాపనకు ముందే పురపాలక తీర్మానంలో రాసి ఉండాలి.