మూతపడిన రోజుల మూల్యం

మన కర్మాగారంలో ‘షట్‌డౌన్’ అన్న మాట ఎవరినీ భయపెట్టదు. ఏ యూనిట్‌ను ఏ తేదీన ఆపాలో చాలా ముందుగానే నిర్ణయమవుతుంది. విడిభాగాలు స్టోర్సుకు చేరతాయి, పర్మిట్లు సిద్ధమవుతాయి, ఎవరు ఏ షిఫ్టులో ఉండాలో నోటీసు బోర్డు మీద జాబితా కనబడుతుంది. ఆగిన యంత్రం మునుపటికన్నా మెరుగ్గా తిరుగుతుంది. ఆగిన రోజులకు మన జీతంలో కోత ఉండదు. ఇదే మాటను ప్రభుత్వానికో, ఒక నగరానికో అన్వయించినప్పుడు దాని అర్థం పూర్తిగా మారిపోతుంది. అప్పుడు ఆగేది యంత్రం కాదు, కొందరి ఇండ్లలోని పొయ్యి. పోయిన రోజులు కొందరికి తిరిగి వస్తాయి, మరికొందరికి ఎన్నటికీ రావు. ఈ భేదాన్ని సూరత్ నగరంలోని మన తెలుగు నేతకార్మికుల అనుభవం స్పష్టంగా చూపుతున్నది. అయితే ముందుగా ఈ మాటను ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చిన దేశాన్ని గురించి కొంత చెప్పుకోవాలి.

అమెరికాలో ఏమి జరుగుతుంది?

అమెరికా ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఆనాటికి అక్కడి కాంగ్రెసు నిధులను మంజూరు చేయకపోతే, మంజూరు లేని ఖర్చును నిషేధించే పాత చట్టం అడ్డు వస్తుంది. అత్యవసర విధులు మినహా తక్కిన కార్యాలయాలు మూతపడతాయి. 2018 డిసెంబరులో మొదలైన మూత 35 రోజులు సాగింది. 2025 అక్టోబరు 1న మొదలైనది 43 రోజులు సాగి, అప్పటికి ఆ దేశ చరిత్రలోనే సుదీర్ఘమైనదిగా నిలిచింది. లక్షలాది ఉద్యోగులు జీతం లేకుండా ఇంట కూర్చున్నారు. మరికొన్ని లక్షల మంది జీతం లేకుండానే పనిచేశారు. విమానాల రాకపోకలను నియంత్రించే సిబ్బంది కొరత వల్ల నవంబరులో పెద్ద విమానాశ్రయాలలో విమానాల సంఖ్యను తగ్గించవలసి వచ్చింది. సుమారు నాలుగు కోట్ల మంది పేదలకు అందే ఆహార సహాయం చిక్కులలో పడింది. విదేశీ వృత్తినిపుణుల వీసాలకు ముందుగా కావలసిన కార్మికశాఖ ధ్రువీకరణ కూడా కొంతకాలం ఆగిపోవడంతో, అక్కడ ఉద్యోగం మారదలచిన మన పిల్లలు, ఇక్కడ వారి తల్లిదండ్రులు ఒకే ఆందోళనను పంచుకున్నారు.

గడువు సమీపించినప్పుడల్లా అక్కడి ప్రజాభిప్రాయం రెండుగా చీలుతుంది. ప్రభుత్వ వ్యయాన్ని అదుపుచేయడానికి ఇది అవసరమని కొందరంటారు. రాజకీయ పక్షాల పంతానికి సామాన్యుడు బలి అవుతున్నాడని ఇతరులంటారు. ఇంత వాగ్వివాదంలో అంతగా వినిపించని విషయం ఒకటున్నది. ప్రభుత్వోద్యోగులకు ఆగిన జీతం తరువాత చెల్లించాలని 2019లో చట్టం చేశారు. అవే కార్యాలయాలలో ఊడ్చే, కాపలా కాసే, వంటచేసే కాంట్రాక్టు సిబ్బందికి మాత్రం అటువంటి హామీ లేదు.

మన రాజ్యాంగం చేసిన ఏర్పాటు

మన దేశంలో ఇటువంటి మూతకు అవకాశం దాదాపు లేదు. చట్టబద్ధమైన మంజూరు లేనిదే సంచిత నిధి నుండి ఒక్క రూపాయి తీయరాదని మన రాజ్యాంగం 114వ అధికరణం కూడా శాసిస్తున్నది. అయితే పూర్తి బడ్జెట్టు ఆలస్యమైనప్పుడు కొన్ని నెలల ఖర్చుకు ముందుగానే అనుమతి ఇచ్చే ‘ఓట్ ఆన్ అకౌంట్’ పద్ధతిని 116వ అధికరణం కల్పించింది. 2019, 2024 ఎన్నికల సంవత్సరాలలో జరిగినది ఇదే. లోక్‌సభలో బడ్జెట్టు వీగిపోతే మంత్రివర్గం దిగిపోతుందే గాని తాలూకా కచేరీకి తాళం పడదు.

అయినా మూత మరో రూపంలో మనకూ అనుభవమే. 2011 సెప్టెంబరు 13 నుండి 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో తెలంగాణ అంతటా కార్యాలయాలు, పాఠశాలలు, బస్సులు, సింగరేణి గనులు స్తంభించాయి. 2013లో సీమాంధ్రలో ఉద్యోగుల సమ్మె రెండు నెలలకు పైగా సాగింది. విద్యుత్ ఉద్యోగులు కూడా అందులో చేరిన అక్టోబరు రోజులలో రైళ్ళు ఆగాయి, ఆసుపత్రులు చీకటిలో చిక్కుకున్నాయి. ఆశయం కోసం ఈ కష్టాన్ని సంతోషంగా భరించామన్నవారు రెండు ప్రాంతాలలోనూ ఉన్నారు. పిల్లల చదువును, రోగుల వైద్యాన్ని తలచి బాధపడినవారూ ఉన్నారు. సకల జనుల సమ్మెలో ఉద్యోగులు పనిమానిన కాలాన్ని ప్రభుత్వం తరువాత సెలవుగా పరిగణించింది. ఆ 42 రోజులూ కచేరీ వాకిట ఖాతాదారులు లేని టీ దుకాణదారుకు, అర్జీలు వ్రాసుకొని బ్రతికే లేఖకునికి అటువంటి ఉత్తర్వు ఏదీ రాలేదు.

సూరత్: నిలిచిపోయిన సాంచాలు

ఇవి ఉద్యోగులు పని ఆపిన సందర్భాలు. ప్రభుత్వమే సమాజాన్నంతటినీ ఆపవలసిన సందర్భం 2020లో వచ్చింది. దాని ప్రభావం దినవేతనంతో జీవించే నగరాల మీద ఎంత తీవ్రంగా పడిందో చెప్పడానికి సూరత్‌ను మించిన ఉదాహరణ అరుదు.

తాపీ నది ఒడ్డున ఉన్న ఈ ప్రాచీన రేవుపట్టణంలో 1613లోనే ఆంగ్లేయులు వర్తకస్థావరం నెలకొల్పుకున్నారు. నేడు వజ్రాలను సానపట్టడంలో ఇది ప్రపంచానికే కేంద్రం. కృత్రిమ పట్టు వస్త్రాల ఉత్పత్తిలో దేశంలో దీనిదే అగ్రస్థానం. ఇక్కడ మరమగ్గాలు లక్షల సంఖ్యలో తిరుగుతాయి. వాటిని మనవారు సాంచాలంటారు. వాటి ముందు నిలబడేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లావారు అధికం. వారితోపాటు కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. లింబాయత్, ఉధ్‌నా, గోడాదరా వంటి పేటలలో తెలుగు మాట వినిపించని వీధి తక్కువ. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపడమే ఇక్కడి మనవారి సంఖ్యాబలానికి నిదర్శనం.

సాంచా కార్మికుని కూలి మీటరు లెక్క. పన్నెండు గంటల షిఫ్టులో ఎన్ని మీటర్ల గుడ్డ దిగితే అంత పగార్. సాంచా ఆగిన గంటకు ఏమీ రాదు. నియామకపత్రం, జీతం చీటీ వంటివి చాలామంది ఎరుగరు. ఇంటి అద్దె, కిరాణా దుకాణంలో ఖాతా, పిల్లల ఫీజు అన్నీ ఆ మీటర్ల మీదనే ఆధారపడి ఉంటాయి.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ జరిగింది. ఒక్కరోజు విరామమని చాలామంది భావించారు. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటన వెలువడింది. ఆ అర్ధరాత్రి నుండి 21 రోజులు దేశమంతా మూత. ప్రకటనకూ అమలుకూ మధ్య ఉన్న వ్యవధి నాలుగు గంటలు. ఏప్రిల్ 14న గడువు ముగియవలసిన రోజున దానిని మే 3 వరకు పొడిగించారు. పిమ్మట మే 17, మే 31 అని మరి రెండు పర్యాయాలు పెంచారు. మొదటి 21 రోజులకు బియ్యం సర్దుకున్న ఇల్లాలికి ఒక్కొక్క పొడిగింపు ఒక్కొక్క పిడుగు.

ఈ నిర్ణయం తప్పనిసరి అన్నవారు సూరత్‌లో తక్కువేమీ కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం నగరాన్ని విడిచి పారిపోయిన దృశ్యం అక్కడి పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు పారిశుద్ధ్యాన్ని నిత్యకృత్యంగా మార్చి, మురికికి పేరుపడిన ఆ నగరాన్ని స్వల్పకాలంలోనే దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలిపారు. ఆ అనుభవం గల ప్రజలకు అంటువ్యాధి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. ప్రాణం నిలవాలన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ప్రాణం నిలిచేవరకు అన్నం ఎవరు పెడతారన్నదే ప్రశ్న.

ఏప్రిల్ 10న నగర శివారులోని లస్కాణాలో, 14న వరాఛాలో కార్మికులు వీధులలోకి వచ్చారు. మే 4న మళ్ళీ పోలీసులతో ఘర్షణ జరిగింది. వారు కోరినవి మూడు: రావలసిన కూలి, తినడానికి తిండి, ఊరికి పోవడానికి దారి. మే 1 నుండి శ్రామిక్ రైళ్ళు మొదలై, సూరత్ నుండి ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్‌లకు పెద్ద సంఖ్యలో కార్మికులు తరలివెళ్ళారు. కుటుంబాలతో స్థిరపడిన మన తెలుగువారి చిక్కు వేరు. పిల్లల బడి, ఇంటి సామాను, తీర్చవలసిన అప్పు అన్నీ సూరత్‌లోనే ఉన్నాయి. తాతలనాడే విడిచిన ఊరిలో తిరిగివెళ్ళి తలదాచుకునే ఇల్లు చాలామందికి లేదు.

రెండు ఉత్తర్వులు

ఆనాటి రెండు ఉత్తర్వులను ప్రక్కప్రక్కన ఉంచి చూడడం ఉచితం. ప్రభుత్వ కార్యాలయాలలోని ఒప్పంద, తాత్కాలిక, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ఇంటివద్ద ఉండవలసివస్తే వారు విధిలో ఉన్నట్లే పరిగణించి వేతనం చెల్లించాలని కేంద్ర ఆర్థికశాఖ 2020 మార్చి 23న ఆదేశించింది. హాజరుపట్టీలో పేరున్న పారిశుద్ధ్య కార్మికునికి, కాపలాదారునికి దీని వల్ల రక్షణ కలిగింది.

రెండవది మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చినది. మూత కాలంలో యజమానులందరూ కోత లేకుండా కూలి చెల్లించాలని, కార్మికులను ఒక నెలపాటు అద్దె అడగరాదని అది నిర్దేశించింది. ఉద్దేశం ఉత్తమమైనదే. కాని మీటరు లెక్కన పనిచేసి, పేరు ఎక్కడా నమోదు కాని మనిషికి ‘కోత లేని కూలి’ ఎంత? దానిని ఏ పుస్తకం చూసి నిర్ణయించాలి? చిన్న సాంచాల యజమానులు తమకే రాబడి లేదన్నారు. అందులోనూ కొంత నిజమున్నది. మే 18 నుండి ఆ ఉత్తర్వు అమలు నిలిచిపోయింది. యజమానులు, కార్మికులు చర్చించుకొని పరిష్కరించుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు సూచించింది. చేతిలో కాగితం లేనివాడు దేనిని చూపి చర్చకు కూర్చోగలడు?

అమెరికా కార్యాలయమైనా, సూరత్ సాంచా అయినా చివరకు తేలేది ఒక్కటే. మూత అందరిమీదా ఒకేవిధంగా పడుతుంది, దాని మూల్యాన్ని మాత్రం అందరూ ఒకేవిధంగా చెల్లించరు. పేరు పుస్తకంలో ఉన్నవాని రోజు ఆలస్యంగానైనా తిరిగి వస్తుంది. పేరు లేనివాని రోజు పోయినట్లే. ఈ భేదం విధివ్రాత కాదు. ఒక రిజిస్టరులోని ఒక పంక్తి.

మనం చేయగలిగినది

ప్రభుత్వరంగ సంస్థలో పనిచేస్తున్న మనకు ఈ విషయం దూరమైనది కాదు. మన క్యాంటీనులో వడ్డించేవారు, కాలనీలో చెట్లకు నీరు పోసేవారు, గేటువద్ద నిలిచేవారు అధికభాగం కాంట్రాక్టు కార్మికులే. వారి భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. చెల్లింపులు సక్రమంగా జరుగుతున్నవా అని తనిఖీ చేయడం ప్రధాన యజమానిగా మన సంస్థ చట్టబద్ధ బాధ్యత. ఆ సంఖ్యలు ఏమిటో, వాటితో ఏమి పొందవచ్చునో వారికి తెలియజెప్పడం మనలో ఎవరైనా చేయగల పని.

మన ఇండ్లలో పనిచేసే ఆడవారి విషయంలో తనిఖీ అధికారి లేడు. అక్కడ మనమే యజమానులం. సెలవులకు మనం ఊరికి వెళ్ళిన పదిహేను రోజులూ ఆమె ఇంటికి చిన్న మూత వంటివే. ఆ రోజుల జీతం పట్టుకోకుండా ఇవ్వడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. సూరత్‌లోనో, భివండీలోనో బంధువులున్నవారు వారిని అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదుకు, రేషన్ కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లే సౌకర్యం వినియోగానికి ప్రోత్సహించవచ్చు. ఈసారి వారికి ఫోను చేసినప్పుడు క్షేమసమాచారాలతోపాటు, పేరు నమోదైనదా అని కూడా ఒక మాట అడగండి.